మైనపు బిళ్ల మీద పెన్సిలు అంకె

భద్రాచలం వెళ్లొచ్చినవాళ్లు గుడి గురించి రాస్తారు, గోదావరి గురించి రాస్తారు. ఈ మే నెలలో నేను నాలుగు రోజుల్లో నాలుగుసార్లు ఆ వంతెన దాటాను. గుడి మెట్లు మాత్రం ఎక్కలేదు. ఒళ్లో ఒక స్టీలు టిఫిన్ డబ్బా పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ ఆనించి కూర్చున్నాను. డబ్బాలో అగ్గిపెట్టెలో సగం ఉండే మైనపు బిళ్ల. ఆ బిళ్లలో మనిషి ఒంట్లోంచి తీసిన సన్నటి మాంసం పోగులు. ఆ మనిషిని నేనే అనుకున్నాను.

నాకు అరవై ఎనిమిదేళ్లు. కొత్తగూడెం వైపు భూగర్భ గనిలో ముప్పై మూడేళ్లు సర్దారుగా పనిచేసి, ఇప్పుడు జూలూరుపాడులో ఉంటున్నాను. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి డైరీ రాస్తున్నాను. ఇది అందులోంచి తీసి రాసిందే.

బయలుదేరక ముందు

ఫిబ్రవరిలో చుట్టాల పెళ్లికని భద్రాచలం వెళ్లినప్పుడు మూత్రం ఆగిపోయింది. అక్కడే ఒక పాత దవాఖానలో చేర్చారు. ప్రోస్టేటు గ్రంథి వాచిందన్నారు, అనుమానం వచ్చి సూదితో పోగులు తీశారు. రిపోర్టులో క్యాన్సరని వచ్చింది. తీవ్రత ఏడు అని రాశారు. ఆరైతే ఊరుకోవచ్చట, ఎనిమిదైతే ఆగకూడదట. ఏడు గోడ మీద ఉన్నట్టు.

ఖమ్మంలో నన్ను చూసే డాక్టరమ్మ జూన్ మొదటి వారానికి ఆపరేషన్ తేదీ రాసి, ఆ తేదీ పక్కన ప్రశ్న గుర్తు పెట్టింది.

"పెద్దాయనా, ఆ పోగులకు ఇంకో పరీక్ష చేయిద్దాం. కణాల లోపల కొన్ని ప్రొటీన్లు ఉంటయి. ఒకటి కాపలా కాసేది. అది ఉంటే రంగు పట్టి గోధుమ రంగుగ కనవడ్తది, పోతే ఖాళీగ కనవడ్తది. ఇంకోటి, కణాలు ఎంత జోరుగ పెరుగుతున్నయో చెప్పేది. రెండూ చూస్తే ఈ జబ్బు నెమ్మదిగ పోయేదా, ఉరికేదా, అంచనా దొరుకుతది. నెమ్మదిదైతే కోయకుండ కనిపెట్టుకుని ఉండొచ్చు."

"మనిషి ఎన్నాళ్లుంటడో ఆ రంగు చెప్తదా అమ్మా?"

"చెప్పదు. ఏ దిక్కుకు పోతున్నదో చెప్తది. అది గూడ అంచనానే."

ఈ మాట నాకు కొత్త కాదు. గనిలో సర్దారు పనే అది. ప్రతి షిఫ్టులో ఇనుప పొన్ను ఉన్న కర్రతో పైకప్పు తట్టాలి. ఖంగుమంటే గట్టిది. డొల్ల చప్పుడొస్తే కార్మికులను వెనక్కి పంపి, కింద దిమ్మెలు నిలబెట్టించాలి. ఎప్పుడు కూలుతుందో కర్ర చెప్పదు. తట్టినచోట ఆ రోజు తేదీ, పొడి అక్షరాలు సుద్దముక్కతో రాయాలి. తర్వాత వచ్చేవాళ్లు ఆ రాతను నమ్మి దాని కింద నిలబడి పనిచేస్తారు.

పరీక్షకు ఆ పోగులను మైనంలో పోసి దాచిన బిళ్ల కావాలి. అది భద్రాచలం దవాఖాన బీరువాలో ఉంది. మనిషే వెళ్లి సంతకం పెట్టి తెచ్చుకోవాలి. నా భార్య సుగుణ వస్తానంది. వద్దన్నాను. నా భయం ఆమె చూడకూడదని అనుకున్నాను. ఆమె అది చూసి మూడు నెలలైందని తర్వాత తెలిసింది.

పాల్వంచలో ముంజలు

సోమవారం పొద్దున బస్సు. కొత్తగూడెం దాటేసరికే గాలి పొయ్యి ముందు కూర్చున్నట్టు కొట్టింది. పాల్వంచలో పది నిమిషాలు ఆగితే దిగాను. తాటి ముంజలు డజను అరవై రూపాయలంది అమ్మే ఆమె. మా దగ్గర నలభై అన్నాను.

"మీ తాన చెట్టు కిందికొచ్చి కాస్తదా తాతా? మాకు ఎక్కి కొయ్యాలె."

నవ్వి తీసుకున్నాను. మా వైపు ముంజ పైతొక్క ఒలిచి తింటారు. ఇక్కడ తొక్కతోనే నోట్లో వేసుకుంటున్నారు, ఒగరు వేడిని తీస్తుందట. నేనూ అలాగే తిన్నాను. రెండో ముంజ నోట్లో ఉండగా, ఇదే వేడిలో రేపు మైనం తేవాలన్న సంగతి తట్టింది. మిగిలినవి పక్క సీటామెకు ఇచ్చేశాను.

బీరువా ముందు

దవాఖానలో పరీక్షల గది చూసే ఉద్యోగి వెంకటనర్సు. యాభై ఏళ్లుంటాయి, కళ్లజోడుకు తాడు కట్టుకున్నాడు. డాక్టరు సంతకం రేపు పొద్దునకు గానీ దొరకదన్నాడు. నూట యాభై రూపాయల భోజనంలో బొమ్మిడాయిల పులుసు పెట్టే హోటలొకటి వంతెన దగ్గర ఉందని కూడా చెప్పాడు. వెళ్లాను. చేప మంచిదే. సగం తిని లేచాను. పక్క బల్ల మీద ఒకాయన ఆపరేషన్ అయినాక తన తండ్రికి మూత్రం నిలవడం లేదని ఎవరితోనో ఫోన్లో చెబుతున్నాడు. మనిషి భయంలో ఉన్నప్పుడు ఊరంతా తన గురించే మాట్లాడుతున్నట్టుంటుంది.

మంగళవారం తొమ్మిదిన్నరకు వెంకటనర్సు బీరువా సొరుగు లాగాడు. వందల బిళ్లలు బడి పలకల్లా వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒక్కోదాని ప్లాస్టిక్ చట్రం అంచున పెన్సిలుతో అంకె.

"పెన్సిలెందుకు?"

"మందులల్ల ముంచితే సిరా పోతది సార్. పెన్సిలు పోదు. మీది నాలుగు వందల పదమూడు." వేలితో దాటుకుంటూ పోయి ఒకటి తీశాడు. "ఎండ తగలనియ్యకుండ్రి. బస్సుల ఇంజను పక్కన అసలు కూసోకుండ్రి."

నేను చూశాను. నాలుగు, ఒకటి, దాని పక్కన సన్నటి గీతతో ఒక అంకె. మూడే అనుకున్నాను. మూడే కావాలి కాబట్టి మూడే కనబడింది.

తాడు అడ్డం పడ్డచోట

సారపాక దాటి అడవిలోకి వచ్చాక బస్సు ఆగింది. రోడ్డుకు అడ్డంగా తాడు పట్టుకుని పదిహేను మంది కోయ ఆడవాళ్లు. విత్తనాలు చల్లేముందు చేసుకునే భూమి పండుగ అది. మగవాళ్లు వేటకు పోతారు. ఆడవాళ్లు దారి కాసి పాటలు పాడి, వచ్చేపోయే బండ్లను ఆపి ఎంతో కొంత ఇస్తే గానీ వదలరు. వేట దొరక్కుండా తిరిగొచ్చిన మగవాడి మీద పేడ నీళ్లు చల్లుతారని నా పక్కనున్నాయన చెప్పాడు.

డ్రైవరు ఇంజను ఆపేశాడు. గాలి ఆగిపోయింది. డబ్బా మీద చేయి పెట్టి చూశాను, కాలుతోంది. ఐదు నిమిషాలు ఆగి నేనే దిగాను.

"అమ్మా, జల్దీ ఇడువుండ్రి. నా దగ్గర ఎండకు కరిగేది ఉన్నది."

"ఐసుక్రీమా తాతా?" ఒక పిల్ల అడిగితే అందరూ నవ్వారు.

"కాదు బిడ్డా. నా మాంసం."

ఎందుకన్నానో తెలియదు. వాళ్లలో పెద్దామె, జుట్టంతా తెల్లబడినామె, వెంటనే అందుకుంది.

"గట్లయితే పంచియ్యాలె. వేట పండుగ ఇది! మా మొగోళ్లు ఇంగ ఏం తేలె."

బస్సు కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆమె నా మొహం చూసి పాట ఆపించింది. దగ్గరికొచ్చి, "ఏందయ్యా, బీమారా?" అంది. తలూపాను. తాడు కిందికి దించమని సైగ చేసి, తన కుండలో నీళ్లు చెంబుతో తెచ్చి ఇచ్చింది.

"తువాల తడిపి చుట్టు. సల్లగుంటది."

ఆమె చెప్పింది డబ్బాకు చుట్టమని. తొందరలో నేను తువాలు తడిపి, లోపల బిళ్లకే చుట్టి మూత పెట్టాను.

పాల్వంచ దాటాక తెరిచి చూశాను. మైనం చెక్కుచెదరలేదు. బస్సు కుదుపులకు తడిబట్ట రాసుకుని చివరి అంకె సగం చెరిగింది. సంచీలో రిపోర్టు తీసి చూశాను, 413. జేబులో పెన్ను తీశాను. గనిలో దీపం వెలుతురులో రాసిన చేయి, బస్సు కుదుపుకు తప్పు పోదు. చెరిగిన గీత మీద చక్కగా మూడు దిద్దాను. సిరా ఆరేదాకా ఊదాను. ఒక పని సవ్యంగా చేసిన తృప్తి కూడా కలిగింది. ఆ తృప్తిని ఆ రోజు డైరీలో రాసుకున్నాను. ఇప్పుడు ఆ పేజీ చూడాలంటే సిగ్గు.

ఖమ్మం

ఖమ్మంలో దిగేసరికి నాలుగు. హైదరాబాదుకు బిళ్లలు పంపే ల్యాబులో షబానా అనే ఆమె ఉంది. ముప్పై ఐదేళ్లుంటాయి, ముఖం మీద చిరునవ్వు, చేతిలో భూతద్దం. బిళ్ల తీసి చూసింది. నవ్వు పోయింది.

"అంకుల్, ఈ అంకె ఎవరు దిద్దిన్రు?"

"నేనేనమ్మా. తడి తువాల రాసుకుని చెరిగిపోతుంటే..."

"నీళ్లు తగిలి చెరిగితే చెరగనియ్యాలె గద అంకుల్. మేమే వాళ్లకు ఫోన్ చేసి అడుగుతుంటిమి. దిద్దినంక అడిగెటందుకు ఏం మిగిలింది?"

"రిపోర్టుల ఉన్న నంబరే అమ్మా అది."

"రిపోర్టుల ఉన్నది మీ నంబరు. ఈ బిళ్ల మీద ఉన్నది ఏ నంబరో మీరు ముందుగాల సూసిన్రా?" భూతద్దం నా చేతికిచ్చింది. "మీ సిరా కింద సూడుండ్రి. పెన్సిలు గీత ఎడమ దిక్కు గూడ ఉన్నది. నాకు ఎనిమిది తీరు కనవడ్తంది."

చూశాను. ఎడమవైపు సన్నటి బూడిదరంగు వంపు. ఉందేమో. లేదేమో. చూసినకొద్దీ ఉన్నట్టే అయింది.

"నేనిది తీసుకోను అంకుల్. కోపం చెయ్యకుండ్రి. ఇది ఇంకొకలదైతే, వాళ్ల జబ్బు సూసి మీకు కోస్తరు. లేకుంటే కొయ్యకుండ ఇడుస్తరు."

కుర్చీలో కూర్చుండిపోయాను. చాయ్ తెప్పించి పెట్టింది. తాగలేదు.

గనిలో ఒకసారి సుబ్బయ్య అనే కొత్త సర్దారు ముందు షిఫ్టువాడి సుద్దరాత మాసిపోతే, పైకప్పు తట్టకుండా అదే రాత మీద మళ్లీ దిద్దాడు. నేను చూశాను. నలుగురి ముందు వాడి చేతిలో సుద్దముక్క లాక్కుని విసిరేశాను. 'రాత దిద్దుతే కప్పు గట్టిపడ్తదారా?' అన్నాను. వాడు ఏడ్చాడు. ముప్పై ఏళ్ల తర్వాత ఆ మాట నాకే తిరిగొచ్చింది.

ఏన్కూరు మీదుగా ఇంటికి చేరి సుగుణకు చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"రేపు పోతవా?" అంది.

"పోవాలె."

"జేబుల పెన్ను తీసి ఈడ పెట్టిపో."

రెండు గాజు పలకలు

బుధవారం వెంకటనర్సు బిళ్ల చూసి మొదట నా మీదే కోపం చేశాడు, మీరెందుకు దిద్దారని. తర్వాత సొరుగు మొత్తం తీసి, నాలుగు వందల పది నుంచి ఇరవై దాకా ఒక్కొక్కటి బల్ల మీద పరిచాడు. పరుస్తూ పరుస్తూ ఒకచోట ఆగాడు. అతని చేతిలో ఇంకో బిళ్ల ఉంది. దాని మీద పెన్సిలుతో, ఎవరూ దిద్దని అంకె, 413.

"ఇది ఈడనే ఉన్నది సార్," అన్నాడు.

అయినా ఒప్పుకోలేదు. పరీక్షలో గాజు పలకల మీద అంటించిన పోగులు వేరే పెట్టెలో ఉంటాయి. బిళ్లలోంచి పల్చగా కోసి అంటించినవే కాబట్టి, పోగుల ఆకారం బిళ్లలోనూ పలకలోనూ ఒకటే ఉంటుంది. నా పలకనూ, షబానా అనుమానించిన 418 పలకనూ తెచ్చి, దీపం ముందు బిళ్లల పక్కన పెట్టాడు. నా పలకలో నాలుగు పోగులు, ఒకటి గాలపు కొక్కెంలా వంగింది. ఇప్పుడు దొరికిన బిళ్లలో అదే కొక్కెం. నేను రెండు రోజులు మోసిన బిళ్లలో ఐదు పొట్టి తునకలు. నాలుగు వందల పద్దెనిమిదో పలకలోనూ అవే ఐదు.

"మీరు తీసుకపోయింది వేరే ఆయనది సార్. నాదే తప్పు. తొందరల ఎనిమిదిని మూడనుకున్న."

"నేను దిద్దకపోతే నిన్న సాయంత్రమే బయటపడేది," అన్నాను. "నీ తప్పును నేను కప్పెట్టిన."

నా పలకతో బిళ్ల సరిపోలగానే ఒంట్లోంచి బరువు దిగిపోయిన మాట నిజం. అది ఎంతోసేపు లేదు. వెంకటనర్సు రెండో పలక పట్టుకుని నిలబడ్డాడు, పెట్టెలో పెట్టడం లేదు.

"ఈయన రిపోర్టు తీసుకపోలేదు సార్. రెండు నెలలాయె. ఫోన్ కలవదు. ఊర్లె అడిగితే అడవిల ఉన్నడన్నరు."

"బాగలేదా?"

"నేను చెప్పొద్దు సార్." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆయన రావాలె."

నా మొహంలోకి చూడకుండా అన్నాడా మాట. నాకు అర్థమైంది. షబానా భూతద్దం పట్టి ఉండకపోతే, ఆ ఐదు తునకలు నా పేరుతో హైదరాబాదు పోయేవి. వచ్చిన భయంకరమైన ఫలితం నాదనుకుని నేను కోయించుకునేవాణ్ని. అసలు మనిషి అడవిలో బీడీ ఆకు కోసుకుంటూ ఉండేవాడు.

"ఊరెక్కడ?" అని అడిగాను.

"చర్ల రోడ్డుల. పేరు ముత్తయ్య. దవాఖానకు రమ్మన్నరని ఒక్క మాట చెప్పుండ్రి సార్. ఇంకేం వద్దు."

గుంపు

చర్ల రోడ్డులో ఆటోకు నలభై రూపాయలు. ఆటో దిగాక కాలిబాటన మూడు కిలోమీటర్లు. గుంపు అంటే ఇక్కడ చిన్న కోయ పల్లె, ముప్పై గడపలుంటాయి. ఆ దారంతా నేనొక్కణ్నే. టేకు ఆకులు రాలి నేల గలగలమంటోంది. ప్రతి చప్పుడుకూ ఆగాను. అంతకంటే, చెప్పబోయే మాట తలచుకుని ఆగాను.

ఊరి బయట కళ్లంలో తునికాకు కట్టలు వరసలుగా ఎండుతున్నాయి. బీడీలకు పోయే ఆకు. ఒకాయన వంగి కట్టలు తిప్పుతున్నాడు. నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్నవాడు, బక్కగా, నడుం మీద చేయి పెట్టుకుని లేస్తున్నాడు.

"ముత్తయ్య అంటే?"

"నేనే. ఫారెస్టాయనవా?"

"కాదు. దవాఖాన నుంచి వచ్చిన. అంటే దవాఖానోణ్ని కాదు. పేషంటును."

"పేషంటును పంపిన్రా? డాక్టర్లు అయిపోయిన్రా?" నవ్వాడు. ముందు ఇంటికి తీసుకుపోయాడు. కాళ్లకు నీళ్లిచ్చారు. మా వైపు వచ్చినవాళ్లకు ముందు చాయ్ ఇస్తాం. ఇక్కడ ఎండిన సొరకాయ బుర్రలోంచి జొన్న జావ వంచి ఇచ్చారు. బయట అంత ఎండ ఉన్నా జావ చల్లగా ఉంది.

దవాఖానకు రమ్మన్నారని చెప్పాను.

"ముక్క తీసినంక నొప్పి తగ్గింది. తగ్గినంక ఎందుకు పోవుడు?"

"నేను జెప్పలే?" లోపలి నుంచి అతని భార్య లచ్చమ్మ. "కాయితం తెచ్చుకో అంటే ఆకు అంటడు. ఆకు అయితే వేట అంటడు. పోయిన పండుగకు ఏం తెచ్చిండు, ఉడుమన్న తెచ్చిండా? పేడ నీళ్లు పోసిన."

"పోసింది," అని ముత్తయ్య ఒప్పుకున్నాడు. "ఇంగో పది రోజులు ఆకున్నది అన్నా. ఆకు అయినంక వస్త."

నేను అంతవరకే చెప్పాల్సింది. అక్కడ ఆగలేకపోయాను. డబ్బా గురించి, ఎనిమిది మీద దిద్దిన మూడు గురించి, ఖమ్మం గురించి మొత్తం చెప్పేశాను. లచ్చమ్మ గడపలోకి వచ్చి నిలబడింది. ముత్తయ్య జావ గిన్నె కింద పెట్టాడు.

"అంటే, నా మాంసం నీ డబ్బల ఖమ్మం దాంక పోయిందా?"

"పోయింది."

"టికెట్ లేకుండ?"

నేను తల వంచుకున్నాను.

"నేను పుట్టిన కాడికెళ్లి ఖమ్మం పోలే అన్నా. నన్ను తీస్కపోయి సూపియ్యకుండనే తెచ్చినవు." పగలబడి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగి, మెల్లగా అడిగాడు. "ఆడ ఏమన్నరు, నా గురించి?"

"ఏమనలేదు. తీసుకోలేదు."

"మరి నువ్వెందుకు గింత దూరం నడిచొచ్చినవు?"

నా మొహం చూస్తూనే ఉన్నాడు. నిన్న రోడ్డు మీద ఆ ముసలామె చూసినట్టే.

"పొద్దుగాల పోదాం," అంది లచ్చమ్మ, ఎవరినీ అడగకుండా.

ఆ రాత్రి నాకు వాకిట్లో మంచం వేశారు. నిద్ర పట్టిందని చెప్పను.

విత్తనాల బుర్ర

గురువారం దవాఖానలో డాక్టరు ముత్తయ్యను లోపలికి పిలిచాడు. పావుగంటకు బయటికొచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. "క్యాన్సర్ అట," అన్నాడు, పొరుగువాడి పేరు చెప్పినట్టు. తీవ్రత తొమ్మిదని వెంకటనర్సు కాగితంలో నేను చూశాను. అతను చదవలేడు. నేను చదివి చెప్పలేదు.

అతని బిళ్లకూ అదే ప్రొటీన్ల పరీక్ష చేయించమని డాక్టరు రాసిచ్చాడు. వెంకటనర్సు నా సిరా తుడిచేసి, 418 అని మళ్లీ పెన్సిలుతో రాసి, రెండు బిళ్లలకూ ముద్ర వేసిన కాగితం జతచేశాడు. నేను టిఫిన్ డబ్బా తెరిచాను. లచ్చమ్మ నా చేయి పట్టుకుంది.

"స్టీలు కాలుతది. దీంట్ల పెట్టు." సంచీలోంచి వెడల్పు మూతి ఉన్న సొరకాయ బుర్ర తీసింది. విత్తనాలు దాచే బుర్ర. మొక్కజొన్న గింజలు కొంగులో పోసుకుని, లోపల బూరుగు దూది పరిచింది. "గింజ ఉడికిపోకుండ కాపాడ్తది. మైనమెంత?"

నీళ్లు లేవు, ఐసు లేదు. ఖమ్మం దాకా ఒళ్లో పెట్టుకున్నాను. ఎన్నిసార్లు తెరిచి చూడాలనిపించినా తెరవలేదు. షబానా బుర్ర చూసి కళ్లు పెద్దవి చేసింది.

"అంకుల్, గిట్ల ఇప్పటిదాంక ఎవరూ తేలె!" భూతద్దం పెట్టి రెండు అంకెలూ, రెండు కాగితాలూ సరిచూసింది. "పెన్నేది?"

"ఇంట్ల పెట్టొచ్చిన."

"మంచి పని చేసిన్రు," అని తీసుకుంది.

ముత్తయ్యకు కలిసే ఫోన్ లేదు. రెండింటికీ నా నంబరే రాయించాను.

కిటికీ పక్క సీటు

పదహారు రోజులు ఎదురుచూశాను. డైరీలో ఆ రోజులన్నిటికీ ఎండ ఎంతో రాసి ఉంది, ఇంకేమీ లేదు.

డాక్టరమ్మ రెండు కాగితాలూ బల్ల మీద పెట్టింది. నా దాంట్లో కాపలా ప్రొటీను అన్ని పోగుల్లోనూ ఉంది. జోరుగా పెరిగే కణాలు చాలా తక్కువ. "ఇప్పుడు కొయ్యొద్దు. మూడు నెలలకోసారి రక్త పరీక్ష, కనిపెట్టుకుని ఉందాం," అని జూన్ తేదీ కొట్టేసింది.

"ఇగ భయం లేదా అమ్మా?"

"ఈరోజుకు ఇది మంచి మాట. మూడు నెలలకు మళ్ల చూడాలె."

నేనూ గనిలో కుర్రవాళ్లకు అదే చెప్పేవాణ్ని. ఈ షిఫ్టు చప్పుడు ఈ షిఫ్టుదే అని. చెప్పినప్పుడు వాళ్లకెలా ఉండేదో ఇప్పుడు తెలిసింది.

రెండో కాగితం దగ్గర ఆమె నెమ్మదిగా మాట్లాడింది. చాలాచోట్ల కాపలా ప్రొటీను లేదు, ఖాళీ. పెరుగుదల జోరుగా ఉంది. మందు ఆలస్యం చేయకూడదు. "ఆయనను పిలుచుకు రాగలరా?"

మర్నాడే వెళ్లాను. ఆకు సీజను అయిపోయి కళ్లం ఖాళీగా ఉంది. ముత్తయ్య దున్నిన చేలో గట్టు మీద కూర్చున్నాడు. దారంతా మాటలు కూడబెట్టుకుని వెళ్లాను, ఒక్కటీ నోట్లో మిగల్లేదు. కాపలావాడు పోయాడని చెప్పాను. మందులున్నాయని, జల్దీగా పోవాలని చెప్పాను. అతను మట్టిబెడ్డ ఒకటి తీసి నలిపాడు.

"నీది?"

అబద్ధం చెబుదామా అనుకున్నాను.

"నాది ఉన్నది."

"మంచిదాయె. ఇద్దరిది పోతే ఖమ్మం తీస్కపోయెటోడెవడు?"

నవ్వాడు గానీ, మట్టి నలుపుతున్న వేళ్లు ఆగలేదు. లచ్చమ్మ అప్పటికే సంచీ సర్దింది.

బస్సులో లచ్చమ్మ ఆడవాళ్ల సీట్లో కూర్చుంది. నేను కిటికీ పక్కకు జరగబోతే భుజం పట్టి ఆపాడు. "నేను కూసుంట. మొన్న డబ్బల పోయిన, ఏం కనవడలె." ప్రతి ఊరికీ పేరు అడిగాడు. పాల్వంచ అన్నాను. కొత్తగూడెం అన్నాను. పాల్వంచ కరెంటు స్టేషన్ పొగ గొట్టాలు చూసి, అవి ఎంతమందికి అన్నం వండుతాయని అడిగాడు. సుజాతనగర్ దాటాక మాట్లాడటం ఆపేశాడు. ముందు సీటు కడ్డీని రెండు చేతులతో పట్టుకున్నాడు. నేను నా చేయి పక్కన పెట్టాను.

జూలూరుపాడులో బస్సు ఆగింది. కండక్టరు నన్ను ఎరుగును. "సర్దారు సాబ్, మీ ఊరొచ్చింది."

"ఇదేనా మీ ఊరు?" అన్నాడు ముత్తయ్య. "దిగవా?"

"లేదు," అన్నాను. "ఖమ్మం ఇంగ ముందున్నది."